పెద్ద సూపర్ మార్కెట్ నుంచి మన ఊరికి సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి నేను కార్యదర్శిని. బైపాస్ రోడ్డు మీద పెద్ద సూపర్ మార్కెట్ తెరిచిన దగ్గర్నుంచి వారానికి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తున్నారు, "వాళ్ల దగ్గర సీఎస్ఆర్ డబ్బులు బోలెడుంటాయట కదా, మా గుడికో మా స్కూలుకో ఏమైనా ఇప్పించండి" అని. సీఎస్ఆర్ అంటే కార్పొరేట్ సోషల్ రెస్పాన్సిబిలిటీ, కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు. ఇప్పించేంత పలుకుబడి నాకు లేదు. రెండుసార్లు అడిగి లేదనిపించుకుని మూడోసారి తెచ్చుకున్నవాణ్ని, అంతే. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసిపెడుతున్నా.

పెద్ద షాపులు సాయం ఎందుకు చేస్తాయి? మంచితనమా, చట్టమా?

రెండూనూ, పైగా వ్యాపారం కూడా. నేను దీన్ని జేబుల లెక్కలో చెప్తాను, ఎందుకంటే ఏ జేబును అడుగుతున్నామో తెలియకే చాలామంది వట్టి చేతులతో తిరిగొస్తున్నారు.

మొదటిది చట్టం జేబు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. అంతకు ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ (అప్పులు పోగా మిగిలే ఆస్తి) 500 కోట్లు, లేదా టర్నోవర్ (ఏడాది అమ్మకాలు) 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్ని అందుకున్నా సరే, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. సగటు లాభం 100 కోట్లయితే 2 కోట్లన్న మాట. మనం సీఎస్ఆర్ అంటున్నది దీన్నే.

రెండోది పబ్లిసిటీ జేబు. పండగ బ్యానర్లు, క్రికెట్ టోర్నమెంటు కప్పులు, ఫ్లెక్సీలు ఇందులోంచి వస్తాయి. మూడోది మీ జేబే, బిల్లింగ్ కౌంటర్ దగ్గర "రెండు రూపాయలు డొనేట్ చేస్తారా" అని అడుగుతారే, అది. ఈ మూడూ బయటినుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి, మూడింటి మీదా కంపెనీ లోగోనే ఉంటుంది మరి.

మా ఊళ్లో షాపు చిన్నదే. దానికీ ఈ చట్టం వర్తిస్తుందా?

చూడాల్సింది మీ ఊళ్లో షాపుని కాదు, దాని వెనకున్న కంపెనీని. దేశమంతా వందల స్టోర్లున్న కంపెనీ అయితే మీ ఊళ్లోది ఎంత చిన్నదైనా కంపెనీకి వర్తిస్తుంది. అదే జిల్లాలో మూడు నాలుగు షాపులు నడుపుతున్న స్థానిక కుటుంబమైతే బహుశా వర్తించదు, కానీ అలాంటి చోట యజమాని కౌంటర్ దగ్గరే దొరుకుతాడు, చందా పుస్తకం పట్టుకెళ్తే అక్కడికక్కడే రాసేస్తాడు. నన్నడిగితే ఐదు పది వేల పనికి ఆయనే మేలు.

స్టోర్ మేనేజర్‌ని అడిగాం. "పైకి పంపించాను సార్, చూద్దాం" అన్నాడు. ఆరు నెలలైంది.

నేనూ అలాగే ఏడాది పోగొట్టుకున్నా. మొదటిసారి నలుగురం తెల్ల చొక్కాలేసుకుని, శాలువా కూడా పట్టుకుని వెళ్లాం. మేనేజర్ కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో, టీ తెప్పించాడు, మర్యాదగా మాట్లాడాడు, మా లెటర్ తీసుకుని డ్రాయర్లో పెట్టుకున్నాడు. తర్వాత రెండుసార్లు వెళ్తే సెలవులో ఉన్నాడన్నారు, మూడోసారికి ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు. డ్రాయర్ మాత్రం అక్కడే ఉంది.

అతని తప్పేం లేదు. సీఎస్ఆర్ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో కంపెనీ బోర్డు నిర్ణయిస్తుంది, బోర్డులో డైరెక్టర్లతో ఒక సీఎస్ఆర్ కమిటీ ఉంటుంది (ఏడాదికి పెట్టాల్సింది 50 లక్షలు మించకపోతే కమిటీ అక్కర్లేదు, బోర్డే చూసుకుంటుంది). వాళ్లు ఏటా ఒక ప్రణాళిక ఆమోదిస్తారు. అందులో లేని పనికి స్టోర్ మేనేజర్ పది రూపాయలు కూడా ఇవ్వలేడు. స్టోర్ మేనేజర్ చేయగలిగినవి వేరే: రక్తదాన శిబిరానికి పార్కింగ్‌లో చోటివ్వడం, ఖాళీ అట్టపెట్టెలు ఇవ్వడం, నోటీసు అంటించుకోనివ్వడం. ఇవి అడగండి, వెంటనే అవుతాయి.

మరి ఎవరికి రాయాలి?

ముందు కంపెనీ అసలు పేరు కనుక్కోండి. షాపు బోర్డు మీద పేరు ఒకటి, కంపెనీ పేరు ఇంకొకటి ఉంటుంది. డీమార్ట్ నడిపే కంపెనీ పేరు అవెన్యూ సూపర్‌మార్ట్స్, స్మార్ట్ బజార్ రిలయన్స్ రిటైల్‌ది. మీ దగ్గరున్న బిల్లు తీసి చూడండి, పైనో కిందో కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఉంటాయి. ఆ పేరుతో వెతికితే కంపెనీ వెబ్‌సైట్ వస్తుంది. చట్టం వర్తించే కంపెనీలు తమ సీఎస్ఆర్ పాలసీ, కమిటీ సభ్యుల పేర్లు, ఆమోదించిన ప్రాజెక్టులు వెబ్‌సైట్లో పెట్టాలి. వార్షిక నివేదికలో ఎక్కడ ఎంత ఖర్చు పెట్టారో పట్టిక కూడా ఉంటుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ నడిపే నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్లోనూ కంపెనీ పేరు కొట్టి చూడొచ్చు.

ఆ పట్టిక చదవడం మీద ఒక సాయంత్రం పెట్టండి, వృథా పోదు. ఒక్కో కంపెనీకి ఒక్కో రుచి ఉంటుంది. అవెన్యూ సూపర్‌మార్ట్స్ ముంబయి వైపు మునిసిపల్ స్కూళ్లలో చదువు మీద పని చేస్తోంది. రిలయన్స్ వాళ్లకు 2010లో పెట్టుకున్న సొంత ఫౌండేషనే ఉంది. వాల్‌మార్ట్, దాని ఫౌండేషన్ కలిసి 2018లో మన దేశంలో చిన్న రైతుల కోసం ఐదేళ్లలో 2.5 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించాయి. రైతుల మీద పెట్టేవాళ్ల దగ్గరికి కంప్యూటర్ ల్యాబ్ ప్రపోజల్ తీసుకెళ్తే మర్యాదగా "పరిశీలిస్తాం" అంటారు, అంతటితో సరి.

షాపు ఎక్కడుంటే అక్కడే ఖర్చు పెట్టాలని చట్టంలో ఉందట కదా?

ఉంది. కంపెనీ పని చేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షన్ అంటుంది. అయితే అది సూచన లాంటిదే గానీ కచ్చితమేమీ కాదని కేంద్రం ఆ తర్వాత వివరణ ఇచ్చింది. కాబట్టి "మా ఊళ్లో సంపాదిస్తున్నారు, మా ఊళ్లోనే పెట్టాలి, లేకపోతే ధర్నా చేస్తాం" అనకండి. మా వాళ్లలో ఒకాయన అన్నాడు కూడా. ప్రపోజల్లో ఒక్క వాక్యంగా రాయండి చాలు: మీ స్టోర్ మా స్కూలుకు కిలోమీటరు దూరంలో ఉంది, మీ ఉద్యోగుల పిల్లలు కొందరు ఇక్కడే చదువుతున్నారు. ధర్నా కంటే ఇది బాగా పని చేసింది.

గుడికి ఇస్తారా? వినాయక చవితి పందిరికి, బతుకమ్మకి?

సీఎస్ఆర్ లోంచి ఇవ్వరు. ఏ పనులకు ఇవ్వొచ్చో చట్టంలో ఏడో షెడ్యూల్లో రాసి ఉంది: ఆకలి, ఆరోగ్యం, మంచినీళ్లు, పారిశుధ్యం, చదువు, వృత్తి నైపుణ్యాలు, అనాథలకీ మహిళలకీ హాస్టళ్లు, వృద్ధాశ్రమాలు, పర్యావరణం, చారిత్రక కట్టడాలు, సంప్రదాయ కళలు, గ్రామీణ క్రీడలు, విపత్తు సాయం, ఇలా పెద్ద జాబితానే. దేవుడి ఉత్సవం అందులో లేదు. ఒక్క రోజులో అయిపోయే మారథాన్లు, అవార్డు ఫంక్షన్లు, స్పాన్సర్‌షిప్‌లు కూడా లెక్కలోకి రావని 2014 జూన్‌లోనే సర్క్యులర్ వచ్చింది.

పందిరికి పబ్లిసిటీ జేబును అడగండి. చవితికి ముందు అందరూ అదే అడుగుతారు కాబట్టి ఆషాఢంలోనే వెళ్లాలి, ఫ్లెక్సీలో వాళ్ల పేరు ఎంత సైజులో వేస్తారో చెప్పాలి. దాన్ని దానం అని పిలవక్కర్లేదు, ప్రకటన అమ్ముకుంటున్నాం అనుకుంటే ఇద్దరికీ మొహమాటం ఉండదు.

మా సంఘానికి సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది. చాలదా?

చాలదు. కంపెనీ మీ సంఘం ద్వారా ఖర్చు పెట్టాలంటే మీది రిజిస్టర్డ్ సొసైటీ, పబ్లిక్ ట్రస్టు లేదా సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) అయి ఉండాలి. దాంతోపాటు ఆదాయపు పన్ను శాఖ నుంచి ఆడిటర్లు 12ఏ, 80జి అని పిలిచే రెండు రిజిస్ట్రేషన్లు (ఒకటి సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు, రెండోది దాతలకి పన్ను తగ్గింపు) కావాలి. ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. ఇవన్నీ ఉంటే సీఎస్ఆర్-1 అనే ఫారం ఆన్‌లైన్లో నింపి నంబరు తెచ్చుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేని సంస్థకు సీఎస్ఆర్ పని అప్పగించడానికి లేదు. పాన్ కార్డు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఎలాగూ అడుగుతారు.

మూడేళ్ల లెక్కలు అనగానే చాలా సంఘాలు ఆగిపోతాయి. మన సంఘాల్లో లెక్కలంటే కోశాధికారి డైరీలో పెన్సిల్ రాతలే కదా. మాదీ అంతే ఉండేది.

ఆ కాగితాలేవీ లేవు. ఇక మాకు దారి లేదా?

రెండున్నాయి. ఒకటి, కాగితాలన్నీ ఉన్న పాత స్వచ్ఛంద సంస్థతో కలవడం. మీరు స్థానికంగా పని చూసుకుంటారు, డబ్బు, లెక్కలు వాళ్ల దగ్గరుంటాయి. మేము ఇలాగే వెళ్లాం. పరువు తక్కువని మా అధ్యక్షుడు కొన్నాళ్లు అలిగాడు, తర్వాత సర్దుకున్నాడు. రెండోది, కంపెనీని నేరుగా చేయమనడం. చట్ట ప్రకారం కంపెనీ మధ్యవర్తి లేకుండా తానే పని చేయించొచ్చు. ప్రభుత్వ స్కూలు పనైతే స్కూలు కమిటీ తీర్మానం, విద్యాశాఖ అనుమతి పత్రం మీరు చేతిలో పెట్టుకుని వెళ్తే వాళ్లకు సగం తలనొప్పి తగ్గుతుంది.

ప్రపోజల్లో ఏం రాయాలి?

మా మొదటి ఉత్తరంలో ఏముందో చెప్తా, అలా రాయకండి. "ఘన చరిత్ర గల మా పాఠశాల సర్వతోముఖాభివృద్ధికి తమరు ఉదారంగా పది లక్షల రూపాయలు విరాళమిచ్చి..." అని మొదలుపెట్టి, స్కూలు ఎప్పుడు కట్టారో, ఎవరు శంకుస్థాపన చేశారో, ఎంతమంది డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారో రెండు పేజీలు రాశాం. మాకేం కావాలో మాత్రం ఎక్కడా లేదు.

రెండోసారి కావలసినవన్నీ రాశాం. ప్రహరీ గోడ, డిజిటల్ క్లాసు, సైకిల్ స్టాండు, స్టేజీ. పెళ్లి సామాన్ల జాబితాలా ఉందని మా మేనకోడలు నవ్వింది. దానికీ జవాబు రాలేదు.

మూడోసారి ఒక్కటే రాశాం. ఆడపిల్లలు ఇంత మంది, పనిచేసే టాయిలెట్లు రెండే, ట్యాంకుకి మోటారు లేదు, నీళ్లు లేక ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నెలలో కొన్ని రోజులు బడి మానేస్తున్నారు. హాజరు పట్టీ జతచేశాం. ప్లంబరు దగ్గరా మేస్త్రీ దగ్గరా కోటేషన్లు తీసుకుని, జీఎస్టీతో సహా మొత్తం వేశాం. పని అయ్యాక శుభ్రం చేసే మనిషి జీతం పూర్వ విద్యార్థులం మేమే ఇస్తామని తీర్మానం కాపీ పెట్టాం. నా అనుమానం, మా పని చేసిపెట్టింది ఆ చివరి కాగితమే. కంపెనీ వాళ్ల భయమంతా ఏంటంటే, ఏడాది తర్వాత ఎవరైనా వచ్చి చూస్తే తాళం వేసిన టాయిలెట్ మీద తమ బోర్డు కనిపిస్తుందని.

రెండు పేజీలు దాటొద్దు. ఫొటోలు నాలుగు చాలు, నాయకులతో దిగినవి వద్దు. ఇంగ్లీషులో రాయించండి, తప్పదు, చదివేవాళ్లు ముంబయిలోనో బెంగళూరులోనో ఉంటారు.

ఎప్పుడు పంపాలి?

ఏప్రిల్ నుంచి కొత్త ప్రణాళిక మొదలవుతుంది కాబట్టి సంక్రాంతి అయ్యాక, ఫిబ్రవరి లోపు. మార్చిలో పాత ఏడాది లెక్కల టెన్షన్లో ఉంటారు, ఎవరూ చదవరు.

పెట్టాల్సిన సీఎస్ఆర్ డబ్బు ఖర్చు పెట్టకపోతే కంపెనీకి ఏమవుతుంది?

ముందు బోర్డు నివేదికలో కారణం రాస్తే సరిపోయేది. 2021 జనవరి నుంచి గట్టిగా బిగించారు. నడుస్తున్న ప్రాజెక్టు డబ్బు మిగిలితే 30 రోజుల్లో విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేసి మూడేళ్లలో వాడాలి, ప్రాజెక్టేదీ లేకుండా మిగిలితే ఆరు నెలల్లో ప్రధాని సహాయ నిధి లాంటి ప్రభుత్వ నిధికి కట్టాలి. కట్టకపోతే ఆ మొత్తానికి రెట్టింపు గానీ కోటి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది జరిమానా.

బిల్లు దగ్గర ఇచ్చే రెండు రూపాయలు కంపెనీ సీఎస్ఆర్‌లో కలుపుకుంటుందా?

కలుపుకోకూడదు. చట్టం అడిగేది కంపెనీ సొంత లాభంలోంచి. మీరిచ్చింది మీ దానం, కంపెనీ పోస్ట్‌మ్యాన్ మాత్రమే. అడిగితే ఇవ్వడం మానడం మీ ఇష్టం, వెనక క్యూలో వాళ్లు చూస్తున్నారని మొహమాటపడక్కర్లేదు. ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి, ఏ సంస్థకు వెళ్తుందని. కౌంటర్లో అమ్మాయికి తెలియకపోతే ఆ అమ్మాయిని కోప్పడకండి, బిల్లు మీద ఆ సంస్థ పేరు వేయని కంపెనీని అడగాలి.

క్యారీ బ్యాగుకి తీసుకునే డబ్బు ఎవరికైనా దానంగా వెళ్తుందా?

మన దగ్గర అలాంటి నియమం లేదు. ఇంగ్లండ్‌లో ఉంది, కొంతవరకు. అక్కడ 2015 అక్టోబరులో పెద్ద షాపులు ప్లాస్టిక్ కవరుకి 5 పెన్నీలు తీసుకోవాలని చట్టం చేశారు, 2021 మేలో 10 చేశారు, ఆ డబ్బు మంచి పనులకు వెళ్లాలని ప్రభుత్వం ఆశిస్తుంది. అక్కడి టెస్కో సూపర్ మార్కెట్ వాళ్లు దాంతోనే స్థానిక సంఘాలకు గ్రాంట్లివ్వడం మొదలుపెట్టారు. బిల్లు కట్టాక కొనుక్కున్నవాళ్లకి నీలం రంగు టోకెన్ ఇస్తారు, గుమ్మం దగ్గర మూడు డబ్బాలుంటాయి, మూడు స్థానిక సంఘాల పేర్లతో. మీకు నచ్చినదాంట్లో వేస్తే ఎక్కువ టోకెన్లొచ్చిన వాళ్లకి పెద్ద మొత్తం. లండన్‌లో ఉండే మా తమ్ముడి కూతురు ఆ టోకెన్ల కోసమే సామానుకి వెంట వెళ్తుందట.

ఇక్కడ కథ వేరు. 2019లో చండీగఢ్‌లో ఒకాయన తనకి 3 రూపాయలకి కంపెనీ పేరున్న సంచి అంటగట్టారని వినియోగదారుల ఫోరానికి వెళ్తే, ఆ కంపెనీని 9,000 రూపాయలు చెల్లించమని తీర్పొచ్చింది. ఇంటి నుంచి సంచి తీసుకెళ్లండి.

అమెరికాలో మావాళ్లు తెలుగు బడి నడుపుతున్నారు. వాళ్లకి ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, పైగా మనకంటే తేలిక. అక్కడ వాల్‌మార్ట్ స్టోర్లు చుట్టుపక్కల సంస్థలకి 250 నుంచి 5,000 డాలర్ల దాకా గ్రాంట్లు ఇస్తాయి, పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ అయితే ఆన్‌లైన్లో అడగొచ్చు. అమెజాన్ స్మైల్ అని కొన్నదాంట్లో 0.5 శాతం మనం ఎంచుకున్న సంస్థకి వెళ్లే పద్ధతి ఉండేది, దాన్ని 2023 ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఇంకా దాని గురించి వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతూనే ఉన్నాయి, నమ్మకండి.

రోజూ మిగిలిపోయే బ్రెడ్డు, కూరగాయలు పారేస్తారు కదా, అవైనా మా వృద్ధాశ్రమానికి ఇవ్వొచ్చు కదా?

ఇవ్వొచ్చు. మిగులు ఆహారం పంపిణీకి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. గడువు దాటినవి ఇవ్వకూడదు, తీసుకున్న సంస్థ చల్లదనం, శుభ్రత చూసుకోవాలి, ఎక్కడి నుంచి ఎంత వచ్చిందో రాసుకోవాలి. ఫ్రాన్స్‌లో అయితే 2016 నుంచి 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు తినగలిగిన ఆహారాన్ని కావాలని పాడుచేసి పారేయడం నేరం, స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందం చేసుకోవాల్సిందే.

మన దగ్గర కంపెనీలు వెనకాడడానికి భయం ఒక్కటే కారణం కాదు, లెక్కలు కూడా. సొంత సరుకు ఉచితంగా ఇచ్చి దాని విలువని సీఎస్ఆర్‌లో రాసుకోవడానికి లేదు, డబ్బు ఖర్చు పెట్టాల్సిందేనని 2021 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన ప్రశ్నోత్తరాల్లో స్పష్టంగా ఉంది. పైగా సరుకు ఊరికే ఇచ్చినా, పాడైందని కొట్టేసినా దాని మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే తగ్గింపు) వెనక్కి కట్టాలి. అంటే పారేసినా ఇచ్చినా కంపెనీకి ఒకటే నష్టం, ఇస్తే మాత్రం అదనపు శ్రమ. ఆ శ్రమ మీరు తీసుకుంటామనండి: రోజూ ఫలానా టైముకి మా ఆటో వస్తుంది, డబ్బాలు మావి, సంతకం మాది. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్ల పద్ధతి ఇదే, హైదరాబాద్‌లోనూ వాళ్లున్నారు.

వరదలప్పుడు కంపెనీలు ముఖ్యమంత్రి సహాయ నిధికి చెక్కులిస్తాయి. అదీ సీఎస్ఆరేనా?

కాదు, చాలామందికి తెలియని సంగతి ఇది. ప్రధాని పేరున్న నిధులకిస్తే సీఎస్ఆర్ కింద లెక్క, ముఖ్యమంత్రి సహాయ నిధికిస్తే కాదు, ఆ నిధి ఏడో షెడ్యూల్లో లేదు కాబట్టి. 2020 ఏప్రిల్‌లో కరోనా సమయంలో కేంద్రం ఈ మాట మళ్లీ చెప్పింది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకిస్తే మాత్రం లెక్కలోకి వస్తుంది. ఇదెక్కడి న్యాయమని నాకూ అనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ముఖ్యమంత్రి నిధికి చెక్కిచ్చిన కంపెనీలు చట్టం జేబులోంచి కాక సొంతంగా ఇచ్చినట్టే. అంచేత వాళ్లని కాస్త ఎక్కువే మెచ్చుకోవచ్చు.

మా డ్వాక్రా సంఘం పచ్చళ్లు, పొడులు చేస్తుంది. స్టోర్లో పెట్టించడం కూడా సాయమే కదా?

సాయమే, కానీ దాన్ని సాయంగా అడగకండి, వ్యాపారంగా అడగండి. కొనుగోళ్ల విభాగం వేరు, వాళ్లు ఫుడ్ లైసెన్సు నంబరు, లేబుల్, బార్‌కోడ్, నెలకెన్ని సీసాలు ఇవ్వగలరు అని అడుగుతారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) ముందే చేయించుకోండి, అప్పుడు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని చట్టం ఉంది. అమ్ముడుపోనివి వెనక్కి ఇస్తారా లేదా అన్నది సంతకానికి ముందే రాయించుకోండి, చాలా సంఘాలు దెబ్బతింది అక్కడే.

ఇదే షాపు వల్ల మా వీధి కిరాణా కొట్టు మూతపడింది. వాళ్ల డబ్బు తీసుకోవడం సబబేనా?

ఈ ప్రశ్న మా సంఘంలోనే లేచింది, అడిగిన పెద్దాయన కొడుకుదే ఆ కొట్టు. నా దగ్గర ఇద్దర్నీ మెప్పించే జవాబు లేదు. నేననుకున్నది ఇదీ: 2 శాతం వాళ్ల దయ కాదు, చట్టం కట్టమన్నది, మనం తీసుకోకపోతే ఇంకో ఊరికి వెళ్తుంది, కొట్టు తెరుచుకోదు. అలాగని తీసుకున్నందుకు నోరు కట్టేసుకోవాలనీ లేదు. స్టోర్ ముందు ట్రాఫిక్ గురించి టాయిలెట్ల ప్రారంభోత్సవం మర్నాడే మేము మునిసిపాలిటీలో అర్జీ పెట్టాం. పెద్దాయన ఒప్పుకోలేదు, ప్రారంభానికి రాలేదు, మోటారు మాత్రం ఆయనే వచ్చి చూసుకుంటున్నాడు.

బోర్డు మీద కంపెనీ పేరు ఎంత పెద్దగా వేయాలి?

ఒప్పందంలో రాసినంత. మాకు రెండడుగులన్నారు, స్కూలు పేరు కంటే పెద్దది వద్దని మేమన్నాం, ఒప్పుకున్నారు.

డబ్బు వచ్చాక?

విడి ఖాతా, ప్రతి బిల్లు జీఎస్టీతో, పని ముందు ఫొటో పని తర్వాత ఫొటో, చివర్లో ఆడిటర్ సంతకంతో యూటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు దేనికి వాడామో చెప్పే పత్రం. మిగిలిన డబ్బుతో సిమెంటు బెంచీలు వేయిద్దామని అనుకోకండి, అడగకుండా అసలు వేయించకండి. మాకు పద్దెనిమిది వందలు మిగిలితే వెనక్కి పంపాం, రసీదు కూడా ఇచ్చారు.

మీరొచ్చి మా ప్రపోజల్ చూసిపెడతారా?

ఆదివారం ఉదయం పది తర్వాత స్కూల్లోనే ఉంటా. ఆడిట్ లెక్కలు, రిజిస్ట్రేషన్ కాపీ, ఆ షాపు బిల్లు ఒకటి పట్టుకుని రండి. శాలువా వద్దు.